'సెలవు'లో మారిన మాట

అన్నవరం సత్యనారాయణస్వామి సాక్షిగా చెబుతున్నాను. నవ్వితే నవ్వండి, కల్పించింది మాత్రం ఒక్క ముక్క లేదు.

రెండు వేల రెండు. పాలకొల్లులో మేడ మీద ఓ కంప్యూటర్ సెంటర్. మూర్తిగారు యూనిక్స్ చెప్పేవారు, నేను ల్యాబ్ చూసుకునేదాన్ని. అందులో ఆదేశాలు టైపు చేసే చోటైన షెల్‌లో మనకు కావలసిన పనికి ఓ పేరు పెట్టి ఫంక్షన్‌గా రాసుకోవచ్చు. నేను 'సెలవు' అని ఒకటి రాసుకున్నాను. సాయంత్రం ఆ పేరు కొడితే తెర మీద 'వెళ్తాను' అని పడేది.

"అలా అనకూడదమ్మా. వెళ్ళొస్తాను అనాలి. మార్చెయ్యి," అనేవారు సార్. నేనో మొండిదాన్ని. మార్చలేదు.

ఆ రోజు మధ్యాహ్నం క్లాసులోనే సార్ గుండె పట్టుకుని కూలబడ్డారు. నా కంప్యూటర్ మిషన్ ఆన్‌లోనే వదిలేసి, గదికి తాళం వేసి, ఆయనతో రాజమండ్రి ఆసుపత్రికి పరుగెత్తాను. సాయంత్రం ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే, పాలకొల్లు ఆఖరి బస్సు అందుకోవాలన్న తొందరలో నోరు జారాను... "వెళ్తానండి సార్."

ఆయన భార్య ముఖం పాలిపోయింది. సార్ మూతికి ఆక్సిజన్ మాస్కు. చెయ్యెత్తి ఏదో చెప్పబోయారు... తలుపు మూసుకుంది.

దారంతా ఏడుపే. కనీసం ఆ ఫంక్షన్‌లో మాటైనా మార్చుదామని, బస్సు దిగి నేరుగా ల్యాబ్‌కి వెళ్ళాను. తొమ్మిదైంది. తాళం తీశాను. చీకట్లో మిషన్ ఒక్కటే గుయ్య్... మంటోంది.

ముందు ఉన్నది చూడు, తర్వాత మార్చు. సార్ నేర్పిన పద్ధతి. ఆ పేరు వెనక ఏం రాసుందో చూపించమని 'టైప్ సెలవు' అని కొట్టాను. ఫంక్షన్ తెర మీదికి వచ్చింది. పేరు... బ్రాకెట్టు... లోపల మాట...

'వెళ్ళొస్తాను.'

మళ్ళీ కొట్టాను. అదే. పొద్దున నేను చూసినప్పుడు పాత మాటే ఉంది. తాళంచెవి నా పర్సులోంచి కదల్లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. ఎత్తాలంటే భయం... ఎత్తాను. సార్ భార్య.

"గండం గడిచిందమ్మా. ఇప్పుడే కళ్ళు తెరిచారు."

ఎంత సంతోషమో, అంత వణుకు.

రెండు నెలలకు సార్ మళ్ళీ క్లాసుకి వచ్చారు. అడిగాను.

"నేనెప్పుడు మార్చానమ్మా?" అన్నారు. "ఆ తలుపు దగ్గర నీకు చెబుదామనుకున్న మాట మాత్రం అదే," అన్నారు.

నేనే ఎప్పుడో మార్చి మరిచిపోయానా? ఏమో... ఇప్పటికీ తేలలేదు. ఖాళీ గదిలోంచి వస్తున్నా సరే, వెళ్ళొస్తాను అని చెప్పే వస్తాను.