నాలుగు శ్రుతి

ఫిల్మ్ నగర్ రికార్డింగుల్లో శౌరిని ఎరగనివాడు లేడు. వాయిద్యకారులకు స్వరాల కాగితాలు రాసిపెట్టడం ఆయన పని. చూడ్డానికి సులువే గానీ అందులో ఓ తిరకాసుంది. కీబోర్డు వాడికి సి అని రాసింది క్లారినెట్ వాడికి డి అని రాయాలి, ఆల్టో సాక్సఫోన్ వాడికి ఎ అని రాయాలి. పేర్లు వేరైనా చెవికి వినబడేది ఒకటే స్వరం. ఆ సంగతి మరిచి ఒకరి కాగితం ఒకరికిస్తే అది పాట కాదు, చేపల బజారు. ఇప్పుడు కంప్యూటరు మీట నొక్కితే అదే మార్చేస్తుంది లెండి. అయినా మన శౌరి పెన్సిలు వదలడు, మొండిఘటం.

భార్య సత్యవతి పోయిన దగ్గర్నుంచీ మనిషి మొద్దుబారిపోయాడు. కంట తడి లేదు. సమాధి దగ్గర కూడా, ఎండగా ఉంది గొడుగులు తెప్పించండి అన్నాడట. బంధువులు చెవులు కొరుక్కున్నారు. తనకు ఆవిడంటే ప్రేమే లేదేమోనని ఆయనకే భయం వేసింది. తిన్నాడు, స్టూడియోకి వెళ్ళాడు, రాశాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

సంవత్సరీకం పూజ దగ్గరపడింది. చర్చిలో ఆవిడ ఎప్పుడూ పాడే పాట ఈసారి కూతురు ఫెబా పాడాలి. శౌరి ఒక్క పూటలో అందరికీ కాగితాలు రాసిచ్చాడు. ప్రాక్టీసులో వాయిద్యాలు చక్కగా కలిశాయి. ఫెబా మాత్రం పల్లవి చివర గొంతు కిందికి దిగక ఆగిపోయింది. మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ అక్కడే ఆగింది. శౌరి రాత తప్పనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయనే కాగితాలన్నీ వెతికాడు. ఒక్క స్వరం తప్పు లేదు.

"డాడీ, ఇది నాలుగు శ్రుతి," అంది ఫెబా మెల్లగా. "నాది ఐదున్నర. ఇది మమ్మీ జబ్బులో పాడింది."

సత్యవతిదీ మొదట ఐదున్నరే. మందులకు గొంతు పడిపోతూ ఉంటే, పదిమందిలో ఆవిడ చిన్నబోకూడదని, అడక్కుండానే శ్రుతి కొంచెం కొంచెం దించుతూ వచ్చాడు. ప్రతిసారీ కాగితాలన్నీ మళ్ళీ రాసేవాడు. ఆవిడ కనిపెట్టిందో లేదో, ఆ మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. చెయ్యి ఇప్పటికీ ఆవిడ గొంతుకే రాస్తోంది.

కొత్త కాగితం తీశాడు. ఐదున్నరకి మార్చడం ఆయనకెంతసేపు? పెన్సిలు ఆనించాడు గానీ చెయ్యి కదల్లేదు.

"ఇది రాసేస్తే మీ అమ్మ ఇంక పాడదు కదమ్మా," అన్నాడు.

అంతే, ఏడాదిగా రాని ఏడుపు వచ్చేసింది. వాయిద్యాల వాళ్ళు తలలు దించుకున్నారు. ఫెబా ఓదార్చలేదు, పక్కన కూర్చుని కాగితం కదలకుండా పట్టుకుంది. ఆయన ఏడుస్తూనే రాశాడు, ముందు క్లారినెట్‌కి.