వంశం తెలిపే గళ్ళు

జార్‌బ్రూకెన్ వెళ్ళే రైల్లో నా ఎదురుగా ఒక జర్మన్ పెద్దాయన, స్కాట్లాండ్‌వాళ్ళు కట్టే గళ్ళ లంగాలాంటి కిల్ట్ కట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ అమ్మమ్మది స్కాట్లాండేనట. అక్కడ వంశానికో రకం గళ్ళట. ఆవిడ వంశం గళ్ళనే ఏరి కుట్టించుకున్నానని, చూడగానే ఎవరింటివాడో తెలిసిపోతుందని మురిసిపోయాడు.

నా పక్కనున్న తెలుగతను నవ్వాడు. "మనకీ ఇట్లుంటే మంచిగుండేది అన్నా, అడిగే పని తప్పేది. ఇంతకీ మీ ఇంటిపేరేంది?"

"ఎందుకు?"

"ఊకెనే అన్నా. మనోళ్ళేమోనని."

ఒళ్ళు మండిపోయింది. అద్దెకు అడగడానికి వెళ్ళిన మా నాన్న ఇంటిపేరు వినగానే, ఇల్లు ఖాళీ లేదని తలుపు వేసుకున్నవాళ్ళు గుర్తొచ్చారు. ఇంత దూరం వచ్చినా ఇదేనా?

పెద్దాయన అమాయకంగా అడిగాడు. "మీ కుటుంబానివి ఏ గళ్ళు?"

"మాకు లేవు, బతికిపోయాం. ఉంటే మా నాన్న నోరు విప్పకముందే తలుపులు వేసేవాళ్ళు" అన్నాను జర్మన్‌లో.

ఆయనకు ఆ తలుపుల సంగతేమిటో అర్థం కాలేదు. పక్కనున్నవాడు మాత్రం మళ్ళీ ఇంటిపేరు అడగలేదు.