తాయిఫ్ ద్రాక్షతోటలో భీముడు అన్నం తిన్న రోజు

చిన్నీ, నీ భీముణ్ని తాయిఫ్‌లో దించి వచ్చాను నాన్నా. కుక్కతో ఆ దారిన వెళ్లేవాళ్లకు పనికొస్తుందని, నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో ఇక్కడ రాస్తున్నాను.

మా అబ్బాయి చిన్ని సౌదీలో, బురైదా దగ్గర గొర్రెలు కాసేవాడు. గల్ఫ్ యుద్ధం రోజుల్లో నేను రియాద్‌లో, మలాజ్ పేటలో వంట చేసే ఇంటి కిటికీలకు బాంబుల భయంతో టేపు అంటిస్తుంటే, వాడక్కడ ఒక కుక్కపిల్లను చేరదీసి భీముడని పేరు పెట్టాడు. రెండేళ్లకు నీళ్ల ట్యాంకరు బోల్తాపడి వాడు పోయాడు. ఆ రోజు నుంచి భీముడు కూడు ముట్టడం లేదని కబురొచ్చింది. మా తమ్ముడు సత్తిబాబు తాయిఫ్‌లో డ్రైవరు. వాళ్ల కఫీల్‌ని బతిమాలితే, తిండి తినే కుక్కయితేనే తన గొర్రెల మందలో ఉంచుకుంటానన్నాడట ఆ యజమాని. మా మేడం నాలుగు రోజులు సెలవిచ్చింది. తమ్ముడు బురైదాలో కుక్కను ఎక్కించుకుని పికప్‌తో నా దగ్గరికి వచ్చాడు.

తెల్లవారి ఐదింటికి రియాద్‌లో బయల్దేరాం. తొమ్మిది గంటల దారి. పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా ఆగి భీముడికి నీళ్లు పెట్టాను. నీళ్లు తాగాడు, రొట్టె ముట్టలేదు. తాయిఫ్‌లో చల్లగాలి తగిలింది గానీ, తమ్ముడి గదిలో ఆరుగురు మగవాళ్లు, నాకు బస వెతకాలి. మూడు హోటళ్లవాళ్లు కుక్కను చూసి పొమ్మన్నారు.

"మనకి గది ఇస్తారంటక్కా. ఈడికే పాస్‌పోర్టు లేదంట" అని తమ్ముడు నన్ను నవ్వించబోయాడు.

నాలుగోది ఊరి బయట, ద్రాక్షతోటలో. పందిళ్ల పక్కన ఆరు గదులు, రోజుకి అరవై రియాళ్లు. మందలు తోలుకొచ్చేవాళ్లు దిగే చోటు కాబట్టి కుక్క వస్తే కాదనరు. వంటాయన నబీసాబుది కడప. తమ్ముడు ఆయనకి మా అబ్బాయి సంగతంతా చెప్పాడు. మాంసం వేసిన అన్నం రెండు పళ్లేల్లో తెచ్చాడు. నా పళ్లెం భీముడి ముందు పెట్టాను. వాసన చూశాడు, నా మొహం చూశాడు, గడ్డం నేలకి ఆనించేశాడు.

"ఇక ఇది బతకదురా" అన్నాను తమ్ముడితో.

"నువ్వు తింటివామ్మా?" అన్నాడు నబీసాబు.

"నాకొద్దు బాబాయ్. దాని సంగతి చూడు."

"దాని సంగతే చెప్తాండా. పదేండ్లు మందల్లో తిరిగినోణ్ని. కాపరి తినకముందు మూతి పెట్టగూడదని దీనికి నేర్పించినాడు నీ కొడుకు. ఆడ వానికోసం కాసుకోనుండె. ఈడ నీకోసం."

చిన్ని పోయినప్పటి నుంచి నాకు టీ, రస్కు తప్ప ఏదీ దిగలేదు. నబీసాబు ఇంకో పళ్లెం తెచ్చి చేతికిచ్చాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నీళ్లు తాగి మింగాను. మూడో ముద్దకి భీముడు లేచాడు. నాలుగో ముద్ద నేను నమిలేలోపు పళ్లెంలో తల పెట్టేశాడు.

"మెల్లగా తినరా, అరగదు!" అని కసిరాను. చిన్నిని కసిరినట్టే కసిరాను. తమ్ముడు తల పక్కకి తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న కఫీల్ తన కాపరిని తీసుకొచ్చాడు. నబీసాబు చెప్పినట్టు ముందు కాపరి కూర్చుని రొట్టె తిన్నాడు. తర్వాత భీముడు తిన్నాడు. గుండెల మీది బండ దించినట్టయింది.

వాడు లేని బాధ ఎక్కడికీ పోలేదు. అయినా వాడు నేర్పిన మర్యాద ఆ మందలో ఇంకా నడుస్తోంది, నాకది చాలు. మీరు కుక్కతో తాయిఫ్ వెళ్తే ఊళ్లో హోటళ్ల చుట్టూ తిరగకండి, తోటల వైపు వెళ్లి అడగండి. దానికి పెట్టేముందు మీరు కడుపునిండా తినండి.