గోల్ కొట్టనివాడి ధర

అంపైరుతో పోట్లాడి గెలిచి, తన జట్టునే ఓడించుకున్నవాణ్ణి వసుమతమ్మ జన్మలో ఒక్కణ్ణే చూసింది. వాడు ఆమె మేనల్లుడు లక్ష్మణరావే.

కొన్నేళ్ల కిందట, అబిడ్స్‌లో బడి మైదానం. హాకీ లీగులో ఆఖరి మ్యాచ్. నాంపల్లి గోల్ ముందు బంతి ఎవరి కాలికో తగిలి బయటికి పోయింది. అంపైరు బంతిని నాంపల్లికే ఇచ్చాడు. నాంపల్లి గోల్‌కు కాపు కాసే ఫుల్‌బ్యాక్ లక్ష్మణరావు కదలలేదు.

“సార్, గది నా కాలికే తాకింది. వాళ్లకు షార్ట్ కార్నర్ ఇయ్యాలె.”

“ఏంది, నాకే రూల్స్ చెప్తవా? పోయి ఆడు.”

“తప్పు ఆట నేనాడ, సార్.”

స్టిక్ కింద పెట్టి నిలబడ్డాడు. చివరికి అంపైరే దిగొచ్చాడు. అవతలివాళ్లు కొట్టిన షార్ట్ కార్నర్ గోలయింది, నాంపల్లికి కప్పు పోయింది. ఆనాటి నుంచి క్లబ్ సెక్రటరీ వామన్‌రావు అతణ్ణి చూస్తే చేదు మాత్ర మింగినట్టు మొహం పెడతాడు.

ఇప్పుడు లక్ష్మణరావుకు నలభై దగ్గరపడ్డాయి. పగలు గన్‌ఫౌండ్రీలో గుమాస్తా పని, సాయంత్రం ఆట. ఫుల్‌బ్యాక్ బతుకు వంటింటి గోడలాంటిది. నిలబడ్డన్నాళ్లూ ఎవరూ చూడరు, పెళ్ల ఊడితే అందరూ చూస్తారు. గోల్ కొట్టినవాడికి దండ, ఆపినవాడికి దెబ్బ. వసుమతమ్మకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఈసారి వామన్‌రావు అతణ్ణి గౌలిగూడ క్లబ్బుకు ఇచ్చేసి, బదులుగా గోల్స్ కొట్టే వెంకీ అనే కుర్ర ఫార్వర్డును తెచ్చుకుందామనుకున్నాడు. ఈ లీగులో ఒక ఆనవాయితీ ఉంది. సెక్రటరీలిద్దరూ నాంపల్లి ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్, అంటే ఒక్క చాయ్‌నే చెరిసగం, తాగితే బేరం ఖాయం. ఆ తర్వాత తిరుగు మాట లేదు.

ఆ చాయ్‌కి ముందురోజు గౌలిగూడ సెక్రటరీ శశికిరణ్ ప్రాక్టీసు చూడటానికొచ్చాడు. కొత్తవాడు.

“స్పీడ్ లేదు, గోల్స్ లేవు,” అని లక్ష్మణరావును చూసి నసిగాడు.

గట్టు మీది వసుమతమ్మ లేచింది. “ఏం బాబూ, ఇంటికి తాళం కొంటే అది ఎంత జోరుగ ఉరుకుతదని అడుగుతవా? నన్ను మూడో తరగతిలనే బడి మాన్పించిన్రు గానీ, ఆటెట్లుందో చెప్తా. వీని మోకాళ్లు రైలు పట్టాలు! ఇంకో ఐదేండ్లయినా వంగయి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఏనాడూ ఆమె మాట ఒప్పుకోని వామన్‌రావు ఆ రోజు తల గట్టిగా ఊపాడు. “ఔ, ఔ! వసుమతమ్మ ఉత్తగ అనది.”

“అయితే రేపు చాయ్ తాగుదం,” అన్నాడు శశికిరణ్.

ఇంటికొచ్చాక లక్ష్మణరావు గడప మీద కూర్చుని ప్యాంటు పైకి మడిచాడు. మోకాలు కొబ్బరికాయంత ఉబ్బి ఉంది.

“ఇదేందిరా? ఎప్పటి సంది?”

“పోయిన సీజన్ సంది. వామన్‌రావు సార్‌కు ఎరుకే.”

“నాకెందుకు చెప్పలే?”

“గ్రౌండుకొచ్చి లొల్లి చేస్తవని.”

వసుమతమ్మ చేతిలోని చెంబు ఠంగుమని నేల మీద పెట్టింది. “ఇన్నేండ్లు నీకు ధర కట్టనోడు, ఇయ్యాల నా నోటితోని కట్టించిండు! సరే, చాయ్ తాగనీ. నువ్వు నోరు మూసుకో. గాడనన్న నీకో జట్టుంటది. బేరం చెడితే వీడు నిన్ను బెంచీ మీద కూడ కూసోనియ్యడు.”

“గా సంగతి నాకు తెల్వదా, అత్తమ్మా? నేను చెప్తే, పోవుడు ఇష్టంలేక సాకు చెప్తుండంటరు. పొగిడింది నువ్వు, నువ్వు చెప్తెనే నమ్ముతరు. రేపు వాళ్లు చాయ్ తాగకముందే పోయి, అందరి ముంగట చెప్పు, నా మోకాలు పోయిందని.”