వెనక్కి తిప్పిన సీటు

సిర్కా హెల్సింకీలో పద్దెనిమిదేళ్లుగా ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి మందులిచ్చే పని చేస్తోంది. రెండేళ్ల కిందట కార్యాలయం దారిఖర్చులు ఎత్తేసి, ఆమె ఫోనులో నెలవారీ చందా ఒకటి పెట్టించింది. ట్రామూ, మెట్రో, స్టాండులోంచి ఎవరైనా తీసుకోగల పసుపు సైకిలూ, నిలబడి నడిపే కరెంటు స్కూటరూ అన్నీ అందులోనే. స్కూటరంటే ఆమెకు గుండెదడ. ట్రామేమో ఊరంతా చుట్టివస్తుంది. ఆరున్నరకల్లా కుంపులా మిట్టెక్కి, అక్కడుండే ముసలామె ఐనో ఇంకా ఏమీ తినకముందే ఇన్సులిన్ సూది వేయాలంటే సైకిలే దిక్కు. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే ఐనోను వేరేవాళ్లకు అప్పగిస్తానని పైఅధికారి మార్యుత్ చెప్పేసింది.

ఆ ఊళ్లో సైకిలు పాడైతే, తర్వాత వచ్చేవాళ్లు మోసపోకుండా సీటు వెనక్కి తిప్పి పోతారు. సిర్కా ఇంటి ముందు స్టాండులో మూడు వారాలుగా పొద్దున్నే మిగిలేది ఒకే ఒక్క సైకిలు, అదీ సీటు తిప్పిందే. ఒకరోజు వంగి తడిమి చూసింది. బ్రేకు బాగుంది, గాలి ఉంది, చెయినూ బిగుతుగానే ఉంది. ఎవరో తమకోసం అట్టిపెట్టుకుంటున్నారు! అప్పట్నుంచీ మెట్ల మీద ఎవరెదురైనా, ప్యాంటు అంచున గ్రీజు మరక ఉందేమోనని ఆమె చూపు కిందికే పోయేది.

ఒక సాయంత్రం పైవాటా తాయిస్తో, సంకలో రొట్టె పెట్టుకుని సీటు తిప్పుతూ కనబడ్డాడు.

"దొరికావు తాయిస్తో! రేపటికి తువ్వాలు వేసుకుంటున్నావా?"

"ఏం తువ్వాలు? చెయిన్ జారుతోందమ్మా. చూడు, మోకాలు ఎలా చెక్కుకుపోయిందో."

"మొన్నటి చెయిన్ నిక్షేపంలా ఉందే?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మొన్నటిది... సరే, మొన్నటిది నా పనే. ఇవాళ్టిది మాత్రం నిజం."

"ఓహో, వారానికో రోజు నిజం చెబుతావన్నమాట."

మర్నాడు ఆమె సీటు సరిచేసి ఆ సైకిలే తీసింది. మిట్ట సగం ఎక్కేసరికి చెయిన్ ఊడింది. ఎక్కించింది, మళ్లీ ఊడింది. నెట్టుకుంటూ చేరేసరికి ఏడవుతోంది. అదృష్టం కొద్దీ ఐనో గంజి గిన్నె ముందు పెట్టుకుని, ముట్టకుండా కూర్చునుంది.

మధ్యాహ్నం మార్యుత్ కంప్యూటర్లో సిర్కా చందా ప్రయాణాల చిట్టా తెరిచింది. "ఆరూ ఐదుకే సైకిలు తీశావు. అది పాడైందని ఫోనులో ఒక్కరూ తెలపలేదు. మధ్యలో ఎక్కడ ఆగావు?"

"ఎక్కడా ఆగలేదు. చెయిన్ ఊడింది. సీటు కూడా తిప్పి ఉంది."

"పాడైందని తెలిసే తీశావా?"

సిర్కా ఏం చెప్పినా కట్టుకథలాగే ఉండేది.

శుక్రవారం ఐనో ఇంటికి ఆఖరిసారి వెళ్లింది.

"సోమవారం నుంచి వచ్చే పిల్ల ఎలాంటిది?" అడిగింది ఐనో.

"తెలీదు. సూది వేసేముందు మందు సీసా మీద పేరు పైకి చదివించండి."

"నిన్నెప్పుడైనా అలా చదవమన్నానా?"

సిర్కా సూది తీసి, దూది అదిమి పట్టుకుంది.

"నన్నూ అడగాల్సింది," అంది.