వినికిడి యంత్రం క్లెయిమూ, ఒక ఫోన్ కాలూ

ఆదిలక్ష్మిగారు ఫోను చెవికి ఆనించుకుని "అవునండీ, అవునండీ" అంటున్నారు. చూపు మాత్రం నా ముఖం మీదే ఉంది. అవతలి మాట ఒక్కటీ ఆమెకు అందడం లేదని, ఇది ఎక్కడికో పోతుందని నాకు మొదట తట్టింది అప్పుడే.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో నాకది రెండో సంవత్సరం. ఆ ఉద్యోగం తరువాత మానేశాను. రోగుల కాగితాలు బీమా కంపెనీకి పంపడం, వాళ్లడిగిన వాటికి జవాబివ్వడం నా పని. మామూలు ఆరోగ్య పాలసీల్లో చాలావాటికి వినికిడి యంత్రాల ఖర్చు రాదు. ఆదిలక్ష్మిగారు అదనపు ప్రీమియం కట్టి ఆ ఖర్చు కూడా వచ్చేలా పాలసీ తీసుకున్నారు. షరతు ఒక్కటే: పాలసీకి ముందే చెవుడు ఉండి దాచి ఉండకూడదు. అది తేల్చుకోవడానికి కంపెనీవాళ్లు ఫోన్ చేసి సంభాషణ రికార్డు చేస్తారు. రోగే మాట్లాడాలి, డెస్కువాళ్లు కల్పించుకోకూడదు. నేను కల్పించుకోలేదు.

ఈపూరులో ఆమెకు బట్టల కొట్టుంది. "మా కోడలు గల్లా తాళాలు అడగతంది అమ్మాయ్. యంత్రాలు రాకపోతే ఇంక ఇంట్లో కూర్చుని పప్పు ఏరుకోడమే" అన్నారు, ఫోను నా చేతికిస్తూ.

పది రోజులకు తిరస్కరణ ఉత్తరం వచ్చింది. పదేళ్లుగా వినపడటం లేదని రోగి ఫోనులో ఒప్పుకున్నారట. పాలసీ తీసుకుని నాలుగేళ్లే.

ఉత్తరంలోది కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించాను. "ఏందీ, పదేళ్లా? రెండేళ్ల కిందటి దాకా వీధిలో గుసగుసలు కూడా వినపడేయి నాకు!"

మరి అవునని ఎందుకన్నారు పిన్నిగారూ అని రాశాను.

"వినపళ్లేదని నలుగుర్లో చెప్పమంటావా? కొట్లో కూడా అట్నే నెట్టుకొస్తన్నా."

పునఃపరిశీలనకు అర్జీ పెట్టాం. డాక్టరుగారు వినికిడి పరీక్ష ఫలితం జతచేసి, ఈ స్థితిలో ఫోను మాట అర్థం కాదని రాశారు. రికార్డింగు మొదటి నుంచి వినమని నేను కోరాను. కాల్ సమయంలో పక్కనే ఉన్నాననీ, ఆమెకు వినపడటం లేదని తెలిసీ ఊరుకున్నాననీ కూడా రాశాను. మా మేనేజరు ఆ వాక్యం కొట్టేయమన్నారు, రేపు తప్పు నీ మీదికొస్తుందన్నారు. నా ఇద్దరు పిల్లలు గుర్తొచ్చి కలం ఆగింది. ఆ మాట లేకపోతే అర్జీకి బలం లేదు. సంతకం పెట్టేశాను.

కంపెనీవాళ్లు మళ్లీ విన్న రికార్డింగులో "మీ వయసెంత?" అన్నా, "మీ ఊరేది?" అన్నా ఆమె జవాబు "అవునండీ" ఒక్కటే. కంపెనీ తిరస్కరణను రద్దు చేసింది. పాలసీ పరిమితి ఒక యంత్రానికే సరిపోయింది. ఒక్క చెవికి పెట్టించుకుని ఆమె తన గల్లా దగ్గరే కూర్చున్నారు. నేను రాసిన ఆ వాక్యానికి ఆసుపత్రి నుంచి నాకు మెమో వచ్చింది.

నియమం పాటించానన్నది నిజమే. కానీ ఆ రోజు ఫోను అందుకుని "ఈమెకు వినపడటం లేదు, ప్రశ్నలు రాసి పంపండి" అని ఉంటే సరిపోయేది. నియమం వెనక నిలబడటం కూడా వినపడకుండానే తల ఊపడం లాంటిదేనని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.

మెమో అందిన మర్నాడు పొద్దున, బడికి బయల్దేరుతున్న పిల్లలతో చెప్పాను: "టీచర్ చెప్పింది వినపడకపోతే తల ఊపొద్దు. మళ్లీ చెప్పమని అడగండి. పక్కవాళ్లకు వినపడలేదని మీకు తెలిస్తే, వాళ్ల బదులు మీరే లేచి అడగండి."