తడి ఆరకముందే

క్లోరిన్ వాసన నా ఒంటికి అంటుకుని చాలా ఏళ్ళయింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా అపార్ట్‌మెంట్ల ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతాను కాబట్టి దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను. ఈ ఉదయం నేనొక పిల్లాడి కళ్ళజోడు సర్దడానికి అటు తిరిగాను. అంతలో వెనక ఒక పాప లోతు వైపు జారి నీళ్ళు మింగింది. పైకి లాగి, గట్టు మీద కూర్చోబెట్టి వీపు నిమురుతుంటే పాప ఒంటి నుంచి, నా చేతుల నుంచి ఒకటే క్లోరిన్ వాసన. చటుక్కున నారాయణప్ప సార్ గుర్తొచ్చారు. పాపకు ప్రమాదమేమీ లేదని పక్క బ్లాకు డాక్టరమ్మ చూసి చెప్పింది. వాళ్ళమ్మకు కబురు వెళ్ళింది. అపార్ట్‌మెంట్ల సెక్రటరీ, పాపం మంచి మనిషే, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "మేడమ్, ఆవిడతో డీటెయిల్స్ వద్దు. పాప జారింది, నీళ్ళు మింగింది, అంతే," అన్నాడు.

తొంభైల చివర్లో నేను రాజమండ్రి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బెంగళూరు వచ్చాను. సార్‌ది బెంగళూరు పక్కనే ఉన్న హొసకోటె. నౌకాదళంలో డైవరుగా పనిచేసి వచ్చి, కె.ఆర్.పురం దగ్గర ఒక స్కూలు ఈతకొలనులో ఆదివారాలు స్కూబా డైవింగ్ నేర్పేవారు. సముద్రం లేని ఊళ్ళో సముద్రం గురించి నేర్పడమేమిటని నవ్వుకుంటూనే చేరాను. నల్లగా, పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఆయన తెలుగు మా గోదావరి చెవులకు మొదట సగమే అర్థమయ్యేది. నీళ్ళలోకి దిగాక సైగలే కాబట్టి బతికిపోయాను.

ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. నీళ్ళలోంచి పైకొచ్చాక ఎవరూ తువ్వాలు ముట్టుకోకూడదు. గట్టు మీద వరసగా కూర్చుని, ఆ రోజు నీళ్ళలో తాను చేసిన తప్పొకటి ప్రతివాళ్ళూ చెప్పాలి. వినేవాళ్ళు నవ్వకూడదు, సలహా ఇవ్వకూడదు. ముందు ఆయనే చెప్పేవారు. "ఇయ్యాల సిలిండర్లో గాలి ఎంత ఉండాదో ఆలస్యంగా చూసుకున్నాను. చూసుకోవల్ల. ఊ, నువ్వు చెప్పమ్మణ్ణీ." డిసెంబరు పొద్దున్నే పళ్ళు టకటకలాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. తువ్వాలు కప్పుకుని చెబితే కొంపలేం మునుగుతాయి సార్, అని ఒకసారి అడిగేశాను. "ఆరినాక మనిషికి సాకులు దొరుకుతాయి గదమ్మా. తడిమీదున్నప్పుడే చెప్పేయల్ల," అన్నారు. మా ఆఫీసులో ప్రోగ్రాం ఆగిపోతే నా కంటే ముందు దాన్ని ముట్టుకున్నవాళ్ళ పేరు వెతకడం అప్పటికే బాగా వంటబట్టించుకున్నదాన్ని. ఆ మాట నాకు గుచ్చుకుంది.

శ్రీధర్ అని చిత్తూరు కుర్రాడు మాతో నేర్చుకునేవాడు. చాలా బుద్ధిమంతుడు. సార్ చెప్పింది పెదాలతో మళ్ళీ మళ్ళీ వల్లించుకునేవాడు. ఒక శీతాకాలం అందరం బస్సులో పడమటి తీరానికి వెళ్ళాం. సముద్రంలో సార్ వెంట ఇద్దరిద్దరుగా దిగాం, చివరి ఇద్దరిలో శ్రీధర్ ఒకడు. రెండోవాడి ముఖానికున్న అద్దంలోకి నీళ్ళు రావడంతో సార్ అటు తిరిగారు. ఆ కాస్త సమయంలో శ్రీధర్‌కు ఏం భయం వేసిందో, ఊపిరి బిగబట్టి నేరుగా పైకి దూసుకుపోయాడు. లోతు నుంచి వచ్చేటప్పుడు ఊపిరి వదులుతూ రావాలి. బిగబడితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లుతాయి. ఆసుపత్రిలో డాక్టర్లు బతికించలేకపోయారు. ఆ రోజు ఒడ్డుకు వస్తూ పడవలో మేమందరం తడిబట్టలతోనే కూర్చున్నాం. తప్పు చెప్పమని సార్ ఎవరినీ అడగలేదు.

సార్ బావమరిది వెంకటేశు లాయరు. తరువాతి ఆదివారం కొలను దగ్గరికి వచ్చి నా ముందే చెప్పాడు. "బావా, వాళ్ళింటికి పోవద్దు. ఫోన్ ఎత్తొద్దు. అయ్యో అన్నా ఒప్పుకున్నట్టే అయితాది. ఈ తప్పులు చెప్పుకునే సంబడం కూడా నిలిపేయి. రేప్పొద్దున ఈ పిల్లోళ్ళనే సాక్షికి పిలుస్తారు." నాకు అతని మీద కోపం ముంచుకొచ్చింది. అది నా ముఖంలో కనబడిందేమో, "నాది రాతి గుండె అనుకోవద్దమ్మా. మా అక్క ఇల్లు నిలబడల్ల గదా," అన్నాడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ రోజు నీళ్ళలోంచి రాగానే సార్ మా వైపు చూడకుండా, "తువ్వాళ్ళు తీసుకోండప్పా," అన్నారు. వెచ్చగా తుడుచుకుంటున్నా ఏడుపొచ్చింది.

అలా కొన్ని వారాలు గడిచాయి. శ్రీధర్ శిక్షణలో చెప్పింది పాటించకుండా పైకి వచ్చాడన్న మాట ఒకటి ఎలాగో బయటికి పాకింది. అది అబద్ధం కాదు, అందుకే ఎవరూ కాదనలేదు. ఒక ఆదివారం శ్రీధర్ నాన్న కొలను దగ్గరికి వచ్చాడు. వెంకటేశు అక్కడే ఉన్నాడు, గబగబా అడ్డం వెళ్ళాడు. పెద్దాయన అతన్ని తప్పించుకుని, అప్పుడే నీళ్ళలోంచి వస్తున్న సార్ ముందు నిలబడ్డాడు.

"మావాడు చెప్పిన మాట వినలేదంట గదా సార్. చిన్నప్పట్నించీ చెప్పిన మాట దాటినోడు కాదు. నాకు యాడా పొంతన కుదరడం లేదు. అది అడిగిపోదామని వచ్చినా."

"బావా, సుమ్నె ఉండు," అన్నాడు వెంకటేశు. నోరు విప్పొద్దని బతిమాలడమే అది. సార్ అతని వైపు ఒకసారి చూసి, నీళ్ళు కారుతున్న ఒంటితో గట్టు మీద కూర్చున్నారు.

"మీవాడు మాట వినేవాడే. భయపడినాడు. భయపడితే పట్టుకునేదానికే నేనుండేది. ఇంకొకడి పక్క తిరిగినప్పుడు, ఇద్దర్నీ చేతికి అందేటట్ల పెట్టుకోవల్ల. పెట్టుకోలేదు. నేను తిరిగినాను."

"ఈ మాట చెప్పేదానికి ఇన్ని వారాలా సార్?" అని పెద్దాయన వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు. ఆ తరువాత కేసు వేశాడు, సార్ మాటలు అందులోకి వచ్చాయి. వెంకటేశు ఒక్క దెప్పుమాట అనకుండా ఏళ్ళ తరబడి ఆ కేసు వాదించాడు. సార్‌కు నేర్పించే అర్హత మాత్రం పోయింది.

కొన్నేళ్ళ తరువాత హొసకోటె వెళ్ళి చూశాను. వసారాలో కూర్చుని ఎవరిదో ఈతకళ్ళజోడుకు పట్టీ మారుస్తున్నారు. చెప్పకుండా ఉండాల్సిందని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాను. "అనిపించకుండా ఉంటాదా? నేర్పించేది పోయిందని ఏడ్చినాను కూడా. అయితే అమ్మణ్ణీ, ఆయప్ప తన కొడుకును మాట విననోడని తలుచుకుంటా ముసలోడు కావల్లనా?" అన్నారు. లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించారు. అదే ఆఖరి చూపు. ఇప్పటికీ నీళ్ళలోంచి పైకొచ్చిన ప్రతిసారీ ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

గేటు చప్పుడైంది. పాప వాళ్ళమ్మ పరుగున వస్తోంది. జుట్టు నుంచి నీళ్ళు నా మెడ మీదికి కారుతున్నాయి. సెక్రటరీ తువ్వాలు అందించబోయాడు. వద్దని చెప్పి ఆమెకు ఎదురు వెళ్ళాను.

"పాప బాగానే ఉందండీ, డాక్టరమ్మ చూసింది. తను జారినప్పుడు నేను చూడలేదు. నేను అటు తిరిగాను."